సాంచాల చప్పుడులో ఘ్రియాంశ్

కోరుట్లలో ఒక ఫంక్షన్ హాలు. మా బంధువుల మనవడి ఇరవై ఒకటో రోజు. గేటు దగ్గర ఫ్లెక్సీ మీద పిల్లవాని పేరు ఇంగ్లిషు అక్షరాల్లో ధగధగలాడుతోంది. తెలుగులో రాస్తే పరువు పోతుందనుకున్నారో, ఎలా రాయాలో తేలలేదో. జగిత్యాల నుంచి వచ్చిన పెద్దనాయిన కళ్లజోడు సర్దుకుని మూడుసార్లు చదివాడు, నాలుగోసారి భోజనాల వైపు నడిచాడు. మన జగిత్యాలనే బయటివాళ్లు ఇంగ్లిషు అక్షరాలు చూసి ‘జగ్టియల్’ అంటే నవ్వుకుంటాం. ఇప్పుడు మన వంతు.

పేరు ‘ఘ్రియాంశ్’ అట.

పిల్లవాడు ఆరుద్ర మూడో పాదంలో పుట్టాడు. ఆ పాదానికి పంచాంగం ఇచ్చే అక్షరం ‘ఙ’. పిల్లల అక్షరాల చార్టులో కూడా బొమ్మకు నోచుకోని అక్షరం, పాపం. ‘అదే నక్షత్రంల ఘ ఉన్నది, దానితోని కానియ్యుండ్రి’ అని అయ్యగారు దారి చూపాడు. దుబాయిలో ఉన్న తండ్రి వీడియో కాల్‌లో పెట్టిన షరతు ఒక్కటే: ‘మన జిల్లాల ఇంకెవలకు ఉండద్దు.’ అర్ధరాత్రి దాకా గూగుల్‌ను తవ్వితే అర్థం ‘శివుడు’ అని తేలింది. ఈ మధ్య ఏ పేరు వెతికినా శివుడు, విజేత, సూర్యకిరణం, ఈ మూడింట్లో ఒకటే తేలుతోంది. న్యూమరాలజీ ఆయన చివర ఇంకో ‘హెచ్’ తగిలించమన్నాడు. పలకని అక్షరానికే ఫీజు.

మా తరంలో దేవుణ్ని పూర్తిగా పెట్టేవాళ్లు. వేములవాడ రాజన్న దయతలిస్తే రాజేశం, రాజవ్వ. కొండగట్టు మొక్కు ఫలిస్తే అంజయ్య. ధర్మపురి పోయొస్తే నర్సయ్య. ఇప్పుడు దేవునిలో ఒక అంశ చాలు: రియాంశ్, విహాంశ్, దివ్యాంశ్. ఎవరికీ లేని పేరు కావాలని అందరూ ఒకే తోక పట్టుకున్నారు. ఆ హాల్లోనే ఇంకో ఇద్దరు అంశ్‌లు ఐస్‌క్రీం దగ్గర కొట్టుకుంటున్నారు.

మేనమామది సిరిసిల్ల, సాంచాల ఆసామి. (పేపర్లో మరమగ్గం అని రాస్తాం గాని అక్కడ ఆ మాటకు ఎవరూ తలెత్తరు.) పేరుకు ఆయన పెట్టే పరీక్ష ఒక్కటే: ‘సాంచాలు నడుస్తుంటె ఈ మూల నుంచి ఆ మూలకు ఇనవడాలె.’ ‘రాజన్నా...’ సాగుతుంది. ‘అంజీ...’ అదీ సాగుతుంది. తెలుగు మాట అచ్చుతో ముగిసేది కేకేసి పిలవడానికేనేమో. ‘ఘ్రియాంశ్’ చివర మాత్రం గాలిపోయిన ట్యూబులా ‘శ్...’ అంటుంది. అది పిలిచినట్టుండదు, నోరు మూసుకోమన్నట్టుంటుంది.

‘ఏం పేరు బిడ్డా, దగ్గచ్చినట్టున్నది’ అంది నాయినమ్మ. తర్వాత తన వ్యాకరణం తాను ప్రయోగించింది. ఒత్తు తీసేసింది, జంటను విడగొట్టింది, చివర అచ్చు అతికించింది: ‘గిరియాంసు’. నాకైతే ఇదే నయమనిపించింది. కనీసం ఒక కొండ కనిపిస్తోంది.

అదే సిరిసిల్ల పక్కన హనుమాజీపేట నుంచి ఒగ్గుకథ మిద్దె రాములు, సినారె వచ్చారు. 1988కి సినారెకు వచ్చిన జ్ఞానపీఠం పలకడానికి జనం తంటాలు పడ్డారేమో గాని, నారాయణరెడ్డి అనడానికి ఎవరూ పడలేదు.

పేరుకు ఇంత తొందరెందుకని అడిగాను. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం పేరు లేకుండానే పుట్టుకను రాసుకుంటుంది, 12 నెలల దాకా పేరు ఉచితంగా చేర్చుకోవచ్చు, ఆ తర్వాత 15 ఏళ్ల దాకా రుసుముతో. తండ్రి ఫోన్లోంచే కొట్టిపారేశాడు. 2022 నవంబరు నుంచి పాస్‌పోర్టులో ఒంటిమాట పేరుంటే ఎమిరేట్స్ టూరిస్టు వీసా ఇవ్వదట. పేరూ ఇంటిపేరూ అక్షరం పొల్లుపోకుండా ఉండాలి. తొట్టెలలో ఉన్నవాడికి వీసా గండం! ఇంతలో ఎవరో జనన ధ్రువపత్రం తెచ్చారు. అందులో ఒక ‘హెచ్’ తక్కువుంది. ఫీజు పుచ్చుకున్న ‘హెచ్’ అదే.

మొన్న పుట్టువెంట్రుకలకు వేములవాడ పోయాం. గోత్రనామాల దగ్గర అయ్యగారు పిల్లవాని పేరు అడిగాడు. తల్లి ఫోన్ తీసి స్పెల్లింగు వెతికేలోపే నాయినమ్మ ముందుకు జరిగింది.

‘రాజన్న అని చదువుండ్రి అయ్యగారూ. లోపలున్నాయనకు సమజైతది.’