రాని మనిషికీ టికెట్!

చవక ఓడ విహారం ప్రకటన చూసి, ఒక్కరే చెక్కేద్దామని ఉబలాటపడుతున్నారా? అంకె పక్కన నక్కిన చుక్క గుర్తును ఓసారి చూడండి. గదిలో ఇద్దరుంటే తలకింత అని ఆ ధర. ఒంటరిగా ఎక్కితే ‘సింగిల్ సప్లిమెంట్’ పేరిట రెండో తల రుసుమూ చాలా ఓడల్లో మీ నెత్తినే. ఒక్కోసారి నూటికి నూరు శాతం! రాని మనిషి తినడు, తాగడు, గురకా పెట్టడు. అయినా ఆ ఖాళీ పక్కకు అద్దె తప్పదు.

కనికరించినవాళ్లూ ఉన్నారు. 2010లో నార్వీజియన్ ఎపిక్ ఓడ ఒంటరివాళ్ల కోసమే 128 బుల్లి గదులతో బయల్దేరింది. వాటికి కిటికీ కూడా ఉంది. కాకపోతే అది చూసేది ఓడ లోపలి నడవా వైపు! సముద్రం కావాలంటే డెక్కెక్కాల్సిందే.

ఇక చాలా ఓడల్లో వైఫైకి వేరే, మందుకు వేరే, రేవులో దిగి ఊరు చూసే బస్సుకు వేరే. ఉప్పుగాలి ఒక్కటే ఉచితం.

వెళ్లాలా, వద్దా? మీ ఇష్టం. ‘ఇంకా తోడు దొరకలేదా?’ అని చుట్టాలైతే ఊరికే అడుగుతారు. ఓడవాళ్లు బిల్లు వేసి మరీ అడుగుతారు!