కంచెను మాయం చేసే కళ

2023 ఫిబ్రవరి 11న హైదరాబాద్ హుస్సేన్‌సాగర్ గట్టున కరెంటుతో నడిచే ఫార్ములా-ఈ రేసు కార్లు పరుగెత్తాయి. ఆ ఫొటోలు ఇప్పటికీ దొరుకుతాయి, తీసి చూడండి. నున్నటి రోడ్డు, వెనక బుద్ధుడు, ఓ పక్క కొత్త సచివాలయం గుమ్మటాలు, మధ్యన రివ్వున దూసుకొచ్చే కారు. కంచె మాత్రం కనపడదు. 2.83 కిలోమీటర్ల ట్రాకు పొడుగునా సిమెంటు దిమ్మెలు పేర్చి, వాటి మీద మనిషి తల దాటిపోయేలా ఇనుప జాలీ బిగించారు. అంత ఇనుమూ ఫొటోలో ఏమైపోయింది?

దొంగలెవరూ ఎత్తుకుపోలేదు. లెన్సు మింగేసింది.

ఎలాగో చెబుతాను, పాలకులకు పనికొచ్చే విద్య. పెద్ద లెన్సును జాలీకి దాదాపు ఆనించాలి. దాని కన్ను పూర్తిగా తెరిచి ఎఫ్ 2.8 దగ్గర పెట్టాలి. ఆటో ఫోకస్‌ను నమ్మకూడదు. అది అమాయకపుది, ముందు ఏది దొరికితే దాన్నే పట్టుకుంటుంది, తీగను పట్టుకుని కూర్చుంటుంది. కారు రాబోయే చోటికి చేత్తో ఫోకస్ ముందే కట్టేయాలి. ఎండపడి మెరిసే జాలీ దగ్గర నిలబడితే ఫొటో అంతా తెల్లగా పాలిపోతుంది కాబట్టి నీడలో ఉన్న జాలీని వెతుక్కోవాలి. ఆపైన వెలుగు తగ్గించే ఫిల్టరు పెట్టి, కారుతోపాటే కెమెరా తిప్పుతూ సెకనులో అరవయ్యో వంతుకో, నూట ఇరవై ఐదో వంతుకో నొక్కాలి. గంటకు 200 కిలోమీటర్ల వేగంలో కారు సెకనుకు 55 మీటర్లు పోతుంది. అయినా వెయ్యో వంతులో నొక్కారంటే చక్రం కదలదు, రేసు కారు కాస్తా పార్కింగులో పెట్టిన బండి అవుతుంది. నిదానంగా నొక్కితే చక్రం తిరుగుతుంది, వెనకున్న జనం గీతలైపోతారు, ముందున్న తీగ గాలిలో కలిసిపోతుంది.

గమనించారా? దూరాన మెరిసేదాని మీద చూపు నిలిపితే మూతి ముందున్న ఇనుము మాయం. ఈ సూత్రం కెమెరా కంపెనీల సొత్తు కాదు. మన సచివాలయాల్లో ఎప్పటినుంచో నడుస్తున్నదే. విశ్వనగరం మీద ఫోకస్ పెట్టారు. మూసేసిన ఎన్టీఆర్ మార్గ్, చుట్టు తిరిగి ఇల్లు చేరిన ఉద్యోగి, ట్రాఫిక్‌లో తిట్టుకుంటూ నిలబడ్డ ఆటోవాలా మసకైపోయారు. 2023 డిసెంబరులో ప్రభుత్వం మారింది. కొత్తవాళ్లు ఫోకస్ రింగును ఇవతలికి తిప్పారు. ఖర్చెంత, సంతకమెవరిది, అనుమతేది? 2024 ఫిబ్రవరి 10న జరగాల్సిన రెండో రేసు జనవరిలోనే రద్దయింది. అదే ఏడాది డిసెంబరులో ఏసీబీ కేసు నమోదైంది. తప్పొప్పులు కోర్టు తేలుస్తుంది, నాకా పని లేదు. నంద్యాల జిల్లా అవుకులో పెళ్లిఫొటోలు తీసుకునేవాడిగా నా బాధ వేరు. అప్పుడు కారు ఉంది, కంచె లేదు. ఇప్పుడు కంచె ఉంది, కారు లేదు. రెండూ ఒకే ఫ్రేములో పట్టే లెన్సు ఏ పార్టీ దగ్గరా లేదు.

ఇక టికెట్ కొన్న సామాన్యుడి సంగతి. అతని చేతిలో ఉండేది ఫోను. దాని సెన్సరు చిన్నది కాబట్టి దగ్గరదీ దూరందీ రెండూ కనిపించేలా తీస్తుంది. కంచె ఉంటే కంచె ఉందనే చెబుతుంది, పాపం. గళ్లు గళ్లుగా ఇనుము, దాని వెనక ఒక రంగు మరక. ఆ మరక ఫ్రాన్సు డ్రైవరు జాన్ ఎరిక్ వెర్న్ అనీ, రేసు గెలిచింది అతనేననీ తర్వాత వార్తల్లో చదువుకోవాలి. నిజానికి ఫోను కన్ను ఎంత ఉంటుంది? జాలీ గడిలో పెడితే తీగ అడ్డమే రాదు. కానీ జాలీ దాకా పోనిస్తే కదా! అక్కడికి పోవడానికి మెడలో పాసుండాలి. పాసున్నవాడి దగ్గర తీగను మింగే లెన్సు ఎలాగూ ఉంటుంది. ఏది ఎవరికి అవసరమో అది వాళ్లకు తప్ప అందరికీ ఇవ్వడంలో మనకు మంచి అనుభవముంది.

“అన్నా, ఈ జాలీ పోవాలంటే ఏం నొక్కల్ల?” అని మా ఊరి పిల్లోడు ఫొటో పంపి అడిగాడు.

“నొక్కేది కాదప్పా, కొనల్ల. పది లక్షల పైమాటే” అన్నాను.

జాలీని తిడుతున్నానని అనుకోకండి. 1955లో ఫ్రాన్సులోని లమాన్స్‌లో ఒక మెర్సిడెస్ కారు ముక్కలై జనంలోకి దూసుకుపోతే ఎనభై మందికి పైగా పోయారు. అప్పుడు ప్రేక్షకుడికీ కారుకూ మధ్య ఉన్నది ఓ మట్టికట్ట. 2001లో మెల్‌బోర్న్‌లో ఊడిన చక్రమొకటి కంచెలో వదిలిన సందులోంచి దూరి, అవతల నిలబడ్డ మార్షల్ ప్రాణం తీసింది. అందుకే ఫొటో కోసం కంతలు పెద్దవి చేయమని అడిగే నోరు నాకు లేదు.

మా వైపు జాలీ బెంగే లేదు, కంచెలే ఉండవు. మా నంద్యాల జిల్లాలో తిరునాళ్లకు ఎద్దుల బండలాగుడు పోటీలు పెడతారు. ఎద్దు నోరు తెరిచి చూసి పాలపండ్లు, రెండు పండ్లు, నాలుగు పండ్లు, ఆరు పండ్లు అని విభాగాలు చేస్తారు. బండ ఎంత దూరం పోయిందో అడుగులూ అంగుళాలతో సహా మైకులో చెబుతారు. ఇంత లెక్క తెలిసిన కమిటీకి ఎద్దుకూ మనిషికీ మధ్య ఎన్ని అడుగులుండాలో మాత్రం తెలియదు. పొద్దున ఒక తాడు కడతారు. పది గంటలకల్లా తాడు జనం కాళ్ల కింద ఉంటుంది. “జరగండప్పా, ఎద్దులు బెదురుతాయి” అని మైకు మొత్తుకుంటుంది. ఫోను పట్టుకున్నవాడు అసలే జరగడు. మీదికొచ్చే కొమ్ము వాడికి తెర మీద చిన్నగానే కనిపిస్తోంది మరి. ఫొటో అద్భుతంగా వస్తుంది. తీసినవాడు ఇంటికి వస్తాడో రాడో.

అంత కంచె కట్టిన చోటైనా అది ఆపాల్సినవాళ్లను ఆపిందా అంటే, అదీ లేదు. 2011లో గ్రేటర్ నోయిడాలో ఫార్ములా వన్ మొదటి ప్రాక్టీసులోకి ఓ వీధికుక్క వచ్చేసింది, కార్లు ఆగాయి. హైదరాబాదులో రేసుకు ముందురోజు మామూలు బండ్లే ట్రాకు మీదికి వచ్చేసి ప్రాక్టీసు ఆలస్యమైంది. రోజూ పోయే దోవే కదా అనుకున్నారేమో. తీగ అడ్డం లేకుండా ట్రాకును చూసిన సామాన్యులు వాళ్లే. పాసు అడగలేదు, లెన్సు కొనలేదు.

రేసు మళ్లీ ఎవరు తెచ్చినా, ఏ ఊరికి తెచ్చినా సంతోషమే. అయ్యా, గ్యాలరీని జాలీ తల దాటే ఎత్తున కట్టండి. ఆ ఖర్చు ఎలాగూ టికెట్‌లోనే పిండుతారు. పత్రికలకు పంపే ఫొటోల్లో ఒక్కటి మాత్రం కంచె ఇవతలి నుంచి, కంచెతో సహా తీసి పంపండి. 2023లో స్టీరింగు పట్టినవాళ్లలో ఒక్కడికీ ఇక్కడ ఓటు లేదు.