నెల రోజుల న్యాయం

వేసవి సెలవులు రాగానే లా కాలేజీ పిల్లలకు ప్రజాసేవ మీద మనసు పుడుతుంది. ప్రజాప్రయోజన వ్యాజ్యాలు వేసే ఓ సీనియర్ గారి గుమ్మం ఎక్కుతారు. ఇంటర్న్‌షిప్ సరిగ్గా నెల రోజులు.

మొదటి రోజు కాలవ పూడిక లెక్కలడుగుతూ మున్సిపాలిటీకి సమాచార హక్కు దరఖాస్తు. దాని రుసుముకు 10 రూపాయల పోస్టల్ ఆర్డర్ కోసం తిరగడంతో రెండో రోజు సరి. 2005 నాటి చట్టం ప్రకారం జవాబుకు గడువు 30 రోజులు. అంటే జవాబు వచ్చేసరికి, అడిగిన పిల్ల సర్టిఫికెట్ పుచ్చుకుని రైలెక్కేస్తుంది! రాకపోతే మొదటి అప్పీలు, దానికింకో 30 రోజులు, సాగదీస్తే 45. రెండో అప్పీలు ఎప్పటిలోగా తేల్చాలో సమాచార కమిషన్‌కు చట్టం చెప్పనే లేదు. ఈలోగా కాలవ దానంతటదే పూడిపోయి ప్లాటైనా ఆశ్చర్యం లేదు.

మధ్యలో జెరాక్సులు. 1979 నాటి హుస్సేనారా ఖాతూన్ తీర్పు నాలుగు కాపీలు. పడాల్సిన శిక్షను మించి, విచారణ కూడా లేకుండా బిహార్ జైళ్లలో మగ్గినవాళ్ల కథ అది. చదివి కళ్లు తుడుచుకునేలోపే పిలుపు: ‘అమ్మాయ్, ఆ కనీస వేతనాల పిటిషన్ పూర్తయిందా?’

పూర్తయింది. రాసిన పిల్లకు స్టైపెండ్ సున్నా. టీ డబ్బులూ తనవే. నోరు తెరిచి అడిగితే సీనియర్ గారు నొచ్చుకున్నారు: ‘ప్రజాప్రయోజనం నేర్పుతుంటే స్వప్రయోజనం అడుగుతావేంటమ్మా?’

ఆ సాయంత్రం పిల్ల ఇంకో పోస్టల్ ఆర్డర్ కొంది. ఎవరి లెక్కలడగడానికో మాత్రం చెప్పలేదు.