ఆరోది రానీ, అప్పుడు చూద్దాం

నాకో సూత్రం ఉండేది. రచయిత ఇంకా ముగించని నవలల వరస జోలికి పోకూడదు. ఆఖరి పుస్తకం అచ్చయి దుకాణంలో కూర్చున్నాకే మొదటి పుస్తకం తెరవాలి. వంటింట్లో పాయసం దిగిందని రూఢి చేసుకున్నాకే విస్తరి ముందు కూర్చునే రకాన్నన్నమాట. ఈ సూత్రాన్ని అడిగినవాళ్ళకీ చెప్పాను, అడగనివాళ్ళకీ చెప్పాను. రైల్లో ఎదుటి బెర్తు కుర్రాడి చేతిలో లావుపాటి పుస్తకం కనబడితే చాలు, "ఇది ఎన్నింట్లో ఎన్నోది నాయనా?" అని మొదలుపెట్టి, వాడు చెవుల్లో ఇయర్‌ఫోన్లు కుక్కుకునేదాకా వదిలేవాణ్ణి కాదు.

వినడానికి ఎంత వివేకంగా ఉందో చూశారా! చిక్కంతా అక్కడే. చదవకపోవడానికి కారణం బద్ధకం అంటే లోకువైపోతాం, సూత్రం అంటే నలుగురూ తలలూపుతారు. "ఎండలు తగ్గాక నడక మొదలెడతాను" అనేవాళ్ళు మన మధ్య లక్షల్లో ఉన్నారు గనక, మీకూ ఇలాంటిది ఒకటి ఉండే ఉంటుందన్న ధైర్యంతోనే ఇదంతా చెబుతున్నాను.

నా సూత్రానికి దన్నుగా నిలిచిన మహానుభావుడు జార్జ్ ఆర్. ఆర్. మార్టిన్. ఆయన 'ఎ సాంగ్ ఆఫ్ ఐస్ అండ్ ఫైర్' వరసలో మొదటి నవల 'ఎ గేమ్ ఆఫ్ థ్రోన్స్' 1996లో వచ్చింది. మూడు పుస్తకాల్లో తేల్చేద్దామని బయల్దేరిన కథ పెరిగి పెరిగి ఏడుకి చేరింది. ఐదు వచ్చాయి. ఐదోది 'ఎ డాన్స్ విత్ డ్రాగన్స్', 2011లో. ఆరోదాని పేరు 'ద విండ్స్ ఆఫ్ వింటర్'. పేరుంది, పుస్తకం లేదు. ఈలోగా టీవీవాళ్ళు 2011లో మొదలుపెట్టి, రచయితని దాటుకుని ముందుకెళ్ళిపోయి, 2019లో తమ ముగింపేదో తాము చూపించి దుకాణం కట్టేశారు.

ఆయన వాయిదాల చరిత్ర నాకు కంఠతా వచ్చు. నాలుగో పుస్తకం 2005లో వచ్చినప్పుడు, మిగతా సగం వచ్చే ఏడాదికి వచ్చేస్తుందన్న ఆశతో చివర ఒక మాట రాశారు. ఆ వచ్చే ఏడాది రావడానికి ఆరేళ్ళు పట్టింది. 2019లో, మరుసటేడు న్యూజిలాండ్‌లో జరిగే సైన్స్ ఫిక్షన్ సదస్సుకి ఆరో పుస్తకం చేతిలో లేకుండా వస్తే, తనని అక్కడి వైట్ ఐలాండ్‌లో ఒక చిన్న గుడిసెలో పడేసి తాళం వేయమని సరదాగా రాశారు. అదృష్టవంతుడు, కోవిడ్ వచ్చి సదస్సే ఆన్‌లైన్‌లో జరిగింది. ఇప్పటికీ ఇంటర్నెట్ లేని పాత డాస్ కంప్యూటర్ మీద, వర్డ్‌స్టార్‌లో రాస్తానని 2014లో ఒక టీవీ కార్యక్రమంలో ఆయనే చెప్పారు. ఇవన్నీ నేను పుస్తకం అట్ట కూడా తిప్పకుండానే, ఎదురుచూసి ఎదురుచూసి కళ్ళు కాయలు కాచిన పాఠకుడి గొంతుతో చెప్పేవాణ్ణి. ఎదురుచూసేవాళ్ళకి లేని కోపం నాకుండేది.

మరి సూత్రం పెట్టుకున్నాక దానికి న్యాయం చెయ్యాలి కదా. వెతికి వెతికి, సంపూర్ణంగా ముగిసిన వరస పట్టాను: రాబర్ట్ జోర్డాన్ 'వీల్ ఆఫ్ టైమ్'. 1990లో మొదలైంది. ముగించకుండానే 2007లో జోర్డాన్ పోయారు. ఆయన వదిలివెళ్ళిన నోట్సు చేతపట్టుకుని బ్రాండన్ శాండర్సన్ అనే మరో రచయిత చివరి మూడు పుస్తకాలూ రాసి, 2013 జనవరిలో మంగళం పాడారు. మొత్తం పద్నాలుగు. పద్నాలుగూ తెప్పించాను. అలమారాలో ఒక అర మొత్తం ఖాళీ చేయించి, వరసగా నిలబెట్టి, నాలుగడుగులు వెనక్కి వేసి చూసుకున్నాను. ఇంటికొచ్చినవాళ్ళు ఆ అర వైపు చూడకపోతే, మంచినీళ్ళ గ్లాసు అటుపక్క పెట్టి మరీ చూసేలా చేశాను.

నాలుగో సంపుటం మధ్యలో ఆగిపోయాను.

ఎందుకు ఆగానో చెప్పడానికి పెద్ద కారణం కూడా లేదు. పుస్తకం బాగానే ఉంది. ఎప్పుడైనా చదువుకోవచ్చు, ఎక్కడికీ పోదు అన్న భరోసా ఉంది చూశారూ, అదే కొంపముంచింది. చిన్నప్పుడు చందమామలో దాసరి సుబ్రహ్మణ్యం గారి సీరియల్ ప్రతి నెలా ఏ మాంత్రికుడి గుహ ముందో వదిలేసేది. నెలంతా మళ్ళీ చందమామ వచ్చేదాకా నేను మనిషిని కాను. అప్పుడు కథ మొత్తం చేతికొచ్చాకే చదువుతానని భీష్మించుకు కూర్చోలేదు. కూర్చుంటే మా అన్నయ్య ముందే చదివేసి కథంతా చెప్పేసేవాడు. ఇదే మాట మా ఆవిడ ఇంకోలా అడిగింది. "2015లో బాహుబలి మొదటి ఆటకి తెల్లారకుండా పరిగెత్తారుగా? కట్టప్ప ఎందుకు పొడిచాడో తెలియక 2017 దాకా వీధివీధినా కొట్టుకున్నారుగా? అప్పుడెక్కడికి పోయిందండీ మీ సూత్రం?" అంది. సినిమా వేరు, సాహిత్యం వేరు అన్నాను. ఆవిడ నా వైపు కాదు, ఆ పద్నాలుగు పుస్తకాల వైపు చూసింది. దుమ్ము దులిపేది ఆవిడే మరి.

ఇక అసలు సంగతికి వస్తాను. వచ్చేముందు ఒక్కమాట. టీవీలో 'గేమ్ ఆఫ్ థ్రోన్స్' మొత్తం చూశాను. చూడ్డం తప్పు కాదు. చూసినదాన్ని చదివినట్టు మాట్లాడటం కూడా మరీ అంత తప్పు కాదు, పెద్దపెద్దవాళ్ళే చేస్తుంటారు. "పుస్తకంలో ఉన్న లోతు తెర మీదకి రాలేదండీ" అన్న వాక్యం ఒకటి దగ్గర పెట్టుకున్నాను. ఈ వాక్యం ప్రపంచంలో ఏ సినిమాకైనా, ఏ పుస్తకానికైనా సరిపోతుంది. ఎవరూ ఎదురు ప్రశ్న వెయ్యరు. మా మేనకోడలు తప్ప.

బంధువుల ఇంట్లో గృహప్రవేశం. భోజనాల పంక్తి. నా పక్కన బావగారు, ఎదురుగా పిల్లలు. ఎవరో ఆ సీరియల్ మాట ఎత్తారు. నేను ముద్ద పక్కనపెట్టి, గొంతు సవరించుకుని, నా వాక్యం వదిలాను. ఇంజనీరింగ్ చదువుతున్న మేనకోడలి కళ్ళు మెరిశాయి. "నువ్వు పుస్తకాలు చదివావా మామయ్యా! మరి టీవీలో స్టోన్‌హార్ట్ లేకుండా చేసేశారు కదా, నీకేమనిపించింది?" అంది.

ఆ క్షణంలో "చదవలేదమ్మా" అంటే సరిపోయేది. ఒక్కటే మాట. కానీ పక్కన బావగారున్నారు, ఎదురుగా పదిమంది పిల్లలున్నారు, నా నోట్లో అప్పటికే ఆవకాయ కారం ఉంది, నా బుర్ర వింటర్‌ఫెల్, రివర్‌రన్, స్టార్మ్స్ ఎండ్ అని ఆ కథలోని కోటల పేర్లన్నీ గబగబా తిరగేసి స్టోన్‌హార్ట్‌ని కూడా వాటి సరసన నిలబెట్టేసింది, నోరు దానంతటది తెరుచుకుంది: "అంత పెద్ద కోట సెట్టు వెయ్యాలంటే మాటలా తల్లీ? కోట్లవుతాయి. పుస్తకంలో చూడూ, ఆ రాతిగోడలు, ఆ బురుజులు, చుట్టూ ఆ కందకం, ఆ వర్ణన చదువుతుంటే నాకైతే ఒళ్ళు జలదరించిందనుకో!" అన్నాను. అక్కడితో ఆగానా? బావగారి వైపు తిరిగి, "మన గోల్కొండ లాంటిది బావా" అని కూడా కలిపాను.

పిల్లలు తినడం ఆపేశారు.

"మామయ్యా," అంది మేనకోడలు, చాలా జాలిగా, "స్టోన్‌హార్ట్ అంటే మనిషి."

నేనేదో సర్దుకోబోయేలోపు, పక్కనున్న తమ్ముడు అందుకున్నాడు. "మనిషి కూడా కాదులే అక్కా. చచ్చిపోయి లేచొచ్చిందిగా."

ఆ పూట నేను పెరుగన్నం దాకా వెళ్ళలేదు. బావగారు మాత్రం మారు వడ్డించుకుంటూ "కందకం బాగుందా?" అని రెండుసార్లు అడిగారు. ఇప్పటికీ ఏ శుభకార్యంలో కలిసినా ఆ కోట క్షేమసమాచారాలు కనుక్కుంటారు.

తర్వాత తెలిసింది, ఆవిడ మూడో పుస్తకం చిట్టచివరి పేజీల్లో కనబడుతుందట. ఎవరో చెప్పను. చదవనివాళ్ళ మీద నాకిప్పుడు ప్రత్యేకమైన అభిమానం ఉంది. టీవీవాళ్ళు ఆవిణ్ణి పూర్తిగా వదిలేశారు. అంటే, చూసి చదివామనేవాళ్ళని పట్టుకోవడానికి ఇంతకన్నా మంచి ప్రశ్న లేదు. మా మేనకోడలు అమాయకంగా అడిగిందని మా ఆవిడ అంటుంది. నాకైతే ఆ అమ్మాయి ఇన్‌కమ్‌టాక్స్‌లో చేరితే దేశానికి మేలు జరుగుతుందనిపిస్తోంది.

ఆ రాత్రే మార్టిన్ నవలల పెట్టె ఆర్డరు పెట్టాను. సూత్రం ఏమైందని అడక్కండి. పరువు పోయినచోట సూత్రం నిలవదు. నవలలు ఐదే గాని, ఆ పెట్టెలో ఏడు సంపుటాలు. మూడోదాన్నీ ఐదోదాన్నీ రెండేసి ముక్కలు చేశారు. కసితో చదవడం మొదలుపెట్టాను. పుస్తకం చదవడానికి అది చాలా నీచమైన కారణమని తెలుసు. కానీ కాసేపటికే ఆ కసి ఎటుపోయిందో తెలియదు. ప్రతి అధ్యాయం తల మీద ఒకరి పేరుంటుంది. కథ ఆ మనిషి కళ్ళతోనే నడుస్తుంది. పక్క అధ్యాయంలో అదే లోకం ఇంకొకరి కళ్ళకి ఇంకోలా కనబడుతుంది. నిన్న అసహ్యించుకున్నవాడి పేరు మీద ఇవాళ అధ్యాయం వస్తుంది, రెండు పేజీలయ్యేసరికి వాడి తరఫున మనమే వకాల్తా పుచ్చుకుంటాం. ఇక విందు జరిగిందంటే వడ్డించిన ప్రతి పదార్థం పేరూ రాస్తాడాయన. ఆ నిమ్మ కేకుల గురించి చదివి అర్ధరాత్రి ఫ్రిజ్ తెరిచి నిలబడిన రోజులున్నాయి.

పుస్తకం వెనక వంశాల పట్టికలుంటాయి. వాటితో నేను తలమునకలవుతుంటే, మా ఆవిడ కూరగాయలు తరుగుతూనే అన్నీ తేల్చేసేది. "ఆ పొట్టివాడి అక్క కొడుకేగా ఆ కుర్ర రాజు? అంటే మేనమామ. వాగుడెక్కువైతే మేనమామ చెంపమీద ఒకటిచ్చాడు, తప్పేముంది?" అంది. టిరియన్ జాఫ్రీని కొట్టే ఘట్టం అది. నాకు కళ్ళు చెమర్చాయి. ఆ లోకంలో మేనమామకి ఆపాటి హక్కయినా ఉంది.

నాలుగో పుస్తకంలో మాత్రం తిక్క రేగింది. పుట్టెడు పేజీలు చదివినా టిరియన్ రాడు, డెనేరిస్ రాదు, జాన్ స్నోకి సొంత అధ్యాయమే లేదు. రాతప్రతి మరీ లావైపోతే, కథను కాలాన్నిబట్టి కాక ప్రాంతాలనిబట్టి రెండుగా కోశారట. వీళ్ళంతా ఐదో దాంట్లోకి వెళ్ళిపోయారు. 2005లో చదివినవాళ్ళు వీళ్ళ కోసం 2011 దాకా ఆగారంటే వాళ్ళకి చేతులెత్తి మొక్కాలి. నేను చెయ్యి చాచి పక్క సంపుటం తీసుకున్నాను. అయినా ఫిర్యాదు చేశాను.

మనవాళ్ళకి ఈ ఎదురుచూపు కొత్తదేం కాదు. పదకొండో శతాబ్దంలో నన్నయ భారతం మొదలుపెట్టి అరణ్యపర్వం మధ్యలో ఆగిపోయారు. పదమూడో శతాబ్దంలో తిక్కన వచ్చి, ఆ సగాన్ని అలాగే వదిలేసి, విరాటపర్వం నుంచి చివరిదాకా పదిహేను పర్వాలు రాశారు. ఆ మధ్య ఖాళీని పూరించడానికి పద్నాలుగో శతాబ్దంలో ఎర్రన రావలసివచ్చింది. ఆయన ఎంత పెద్దమనసువాడంటే, తను రాసిన భాగాన్ని కూడా నన్నయ గారి రాజు రాజరాజనరేంద్రుడికే అంకితమిచ్చారు. రాజమహేంద్రవరంలో ఆ రోజుల్లో "మొత్తం పూర్తవనివ్వండి, అప్పుడు వింటాను" అని అరుగు మీద కూర్చున్న పెద్దమనిషి ఒకడు ఉండే ఉంటాడు. మా వంశానికి మూలపురుషుడు అతనే అయ్యుంటాడని నా అనుమానం.

కాబట్టి, పూర్తికాని వరస మొదలుపెట్టాలా వద్దా అని మీరు నన్నడిగితే, పెట్టండి అంటాను. పద్నాలుగు సంపుటాలు ముగిసి ఎదురుగా నిలబడితే నాలుగో దాంట్లో చతికిలబడ్డ మనిషిని. ముగింపు లేదని జంకిన పుస్తకాల్లో మునిగి తేలాను. రచయిత ముగించాడా లేదా అన్నది, చేతిలో ఉన్న చివరి పేజీ తిప్పేసినవాళ్ళకి వచ్చే కష్టం. మనలాంటివాళ్ళం అక్కడిదాకా వెళ్ళినప్పుడు చూసుకోవచ్చు.

ఇంతదూరం వచ్చారు గనక మిగిలింది కూడా చెప్పేస్తాను, ఎవరితోనూ అనకండి. ఐదో పుస్తకంలో చివరి వంద పేజీలు నేనింకా చదవలేదు. అక్కడ కరెంటు బిల్లు పెట్టి మూసేశాను. మంచులో ఒకడికి కత్తిపోట్లు పడతాయనీ, అతను బతికాడో లేదో ఆరో పుస్తకమే చెప్పాలనీ తెలుసు. ఆ పేజీలు తిప్పితే నేనూ నిజంగా ఎదురుచూడాలి. ఇప్పుడైతే నలుగురిలో కూర్చుని "రాసేవాడికి బాధ్యత ఉండాలండీ, ఇన్నేళ్ళా!" అని మార్టిన్ గారిని హాయిగా తిట్టుకోవచ్చు. ఆయన ముగించలేదన్న గోలలో, నేను ముగించలేదన్న సంగతి ఎవరికీ పట్టదు.

ఒక్కటే భయం. ఆరోది నిజంగా వచ్చేసిందనుకోండి, మొదటి ఫోను మా మేనకోడలి దగ్గర్నుంచే వస్తుంది. మీలో ఎవరికైనా మార్టిన్ గారితో పరిచయం ఉంటే, దయచేసి ఆయన్ని తొందరపెట్టకండి.