గీకుడు శాస్త్రం

జేబులో ఒకే ఒక్క క్రెడిట్ కార్డు పెట్టుకుని తిరిగేవాణ్ణి చూస్తే నాకు జాలి. నా దగ్గర ఏడున్నాయి. పర్సు మడత పడదు, కూర్చుంటే నడుము ఓ పక్కకి ఒరుగుతుంది. హోదా అన్నాక ఆ మాత్రం ఉంటుంది.

కార్డులన్నీ ఒకే నెలలో తీసుకోండి. అప్లై చేసినప్పుడల్లా బ్యాంకువాడు మీ సిబిల్ రిపోర్టు తెరుస్తాడు, తెరిచిన సంగతి కూడా అందులో నమోదవుతుంది. పదిమంది చూస్తే పదిమందికీ మీరు తెలిసినట్టేగా! 900కి నా స్కోరు 612. అంతకంటే నచ్చడానికి మనమేమన్నా పెళ్లికొడుకులమా?

బిల్లు తేదీలు రాసిపెట్టుకోకండి, అదేం పంచాంగం కాదు. బిల్లులో ‘మినిమం డ్యూ’ అని ఓ గడి ఉంటుంది, దాన్నే నమ్ముకోండి. నాకు లక్ష బాకీ ఉంటే 5 వేలు కట్టమంది, కట్టాను. నెలకు మూడున్నర శాతం లెక్కన వడ్డీ 3,500, ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ 630. పోగా అసలు 870 తగ్గింది. తగ్గిందా, లేదా? పైగా పాత బాకీ ఉండగా కొత్తగా ఏం కొన్నా కొన్న రోజు నుంచే వడ్డీ. 45 రోజుల వడ్డీలేని గడువు, బాకీ మొత్తం కట్టేసే పిరికివాళ్లకి. మరీ కటకటగా ఉంటే వీధి చివర షాపువాడు కార్డు గీకి, కమిషన్ పట్టుకుని నోట్లు చేతిలో పెడతాడు. వాటితో ఇంకో కార్డు బాకీ తీర్చొచ్చు.

యాడ్ ఆన్ కార్డు మాత్రం కుటుంబ విషయం. అడిగిన వాళ్లందరికీ ఇప్పించండి. మా తమ్ముడికి ఇప్పించాను. కార్డు మీద పేరు వాడిది, లిమిట్ నాది, బాకీ నాది. వాడు గీకితే మెసేజ్ నాకొస్తుంది. మొన్న ఆదివారం 11.20కి ఎల్బీనగర్‌లో పెట్రోలు, 500. 1.05కి బిర్యానీ, 1,340. ఫ్యామిలీ ప్యాకన్నమాట, నన్ను పిలవలేదు. 4.40కి టీవీ, 54,990. మా ఆవిడ వెనకనుంచి తొంగి చూసి, “వాళ్లింట్లో టీవీ బాగానే ఉందిగా?” అంది. యాడ్ ఆన్‌కి విడిగా తక్కువ లిమిట్ పెట్టుకునే వీలు చాలా బ్యాంకులిస్తాయి. జోలికి పోకండి. తమ్ముడికి లిమిట్ పెట్టాడని రేపు మరదలు అంటే పడగలమా?

డల్లాస్‌లో ఎమ్మెస్ చదివే మా మేనల్లుణ్ణి, వాళ్ల పెదనాన్న కొడుకు తన కార్డులో ఆథరైజ్డ్ యూజర్‌గా, అంటే అక్కడి యాడ్ ఆన్‌గా, చేర్చాడు. అక్కడ ఆ కార్డు చరిత్ర వీడి రిపోర్టులోకీ ఎక్కుతుంది. వీడేమో, “అన్నయ్యా, టైముకి కడుతున్నావా?” అని అడిగాడట. మర్యాద తెలియని పిల్లాడు! అన్న ఎగ్గొడితే ఆ మచ్చ వీడికీ అంటుకుంటుంది, అంటుకోనీ. రక్తసంబంధం అన్నాక.

కార్డులు మూయించడమనే పాపం చేయకండి. అడిగిన 7 పనిదినాల్లో మూయకపోతే బ్యాంకు రోజుకు 500 చొప్పున ఇవ్వాలని 2022లో రిజర్వ్ బ్యాంకు నిబంధన పెట్టింది. బాకీ లేనివాళ్లకే ఆ భోగం.

నిన్న తమ్ముడు ఫోన్ చేశాడు. “అన్నయ్యా, నీ కార్డు డిక్లైన్ అయింది. షాపులో పరువు పోయింది.” వాడి గొంతు విని మనసాగలేదు, సాయంత్రమే మాల్‌కి వెళ్లాను. ఎస్కలేటర్ పక్కన బల్లేసుకున్న కుర్రాడు ఫారం ఇచ్చాడు, ట్రాలీ బ్యాగు ఫ్రీ అన్నాడు. సంతకం పెట్టాను. నల్లదా, ఎర్రదా అని అడిగాడు.

ఎర్రది తీసుకున్నాను.