నాలుగు లాప్‌టాప్‌లు, ఒక చాయ్

హైదరాబాద్ నాచారంలో ఒక వ్యాసకర్త ఉన్నాడు. ఇది రాస్తున్నది కూడా ఆయనే అని గిట్టనివాళ్లు అంటారు, పట్టించుకోకండి. ఇరవై ఏళ్లుగా ఆయనదొకటే నియమం. షాపులో ఉన్నవాటిలోకెల్లా చవకైన లాప్‌టాప్ కొనాలి, కొన్నాక "దీనికేం తక్కువ?" అని అందరితో వాదించాలి. ఏం తక్కువో ఇంట్లోవాళ్లు చెబుతూనే ఉన్నారు.

మొదటిది 2006లో సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని సీటీసీ కంప్యూటర్ బజారులో కొన్నాడు. సెలెరాన్ ఎం ప్రాసెసర్, 256 ఎంబీ ర్యామ్, 40 జీబీ హార్డ్‌డిస్క్. ధర తగ్గాలని విండోస్ లేకుండా డాస్‌తో ఇచ్చారు. విండోస్ తర్వాత ఎక్కించుకున్నాడు. ఒళ్లో పెట్టుకుంటే లుంగీ ఇస్త్రీ అయ్యేది. బటన్ నొక్కి, వంటింట్లోకి వెళ్లి, చాయ్ పెట్టుకుని తాగి, గ్లాసు కడిగి వస్తే, అప్పటికి ఐకాన్లు పెళ్లికొచ్చిన చుట్టాల్లా ఒక్కొక్కటే దిగుతుండేవి.

అయినా దానికో సుగుణం ఉంది. అడుగున చిన్న మూత ఉండేది. ఉప్పల్ రింగురోడ్డు దగ్గరి రిపేరు కుర్రాడు ఒక్క స్క్రూ తిప్పి, మూత తీసి, 512 ఎంబీ ర్యామ్ టక్కున గుచ్చి పది నిమిషాల్లో పంపేశాడు. బ్యాటరీకి ఆ శ్రమ కూడా లేదు. రెండు మీటలు జరిపితే టిఫిన్ క్యారియర్ గిన్నెలా ఊడి చేతికొచ్చేది.

తర్వాత నెట్‌బుక్‌ల కాలం. 2007 చివర్లో వచ్చిన ఏసస్ ఈ పీసీ 701 తెర ఏడంగుళాలే, నిల్వ 4 జీబీ. అందులో 900 మెగాహెర్ట్జ్ ప్రాసెసర్ పెట్టి, దాన్ని 630 దగ్గరే నడిపించేవారు. మరుసటి ఏడాది ఇంటెల్ ఆటమ్ రాగానే దాదాపు ప్రతి కంపెనీ తలా ఒక నెట్‌బుక్ చేసింది. మనవాడు కొన్నది పదంగుళాలది, విండోస్ 7 స్టార్టర్‌తో. స్టార్టర్ అంటే హోటల్లో ముందుగా తెచ్చే చికెన్ 65 లాంటిదనుకుని అసలు భోజనం కోసం ఎదురుచూశాడు. ఆ స్టార్టర్‌లో వాల్‌పేపర్ మార్చుకునే వీలు లేదు, ఇది జోకు కాదు. ఆయన చలించలేదు. ఉప్పల్‌లో యాదగిరిగుట్ట బస్సెక్కి, యాదగిరి నరసింహస్వామి స్టిక్కరు కొనుక్కొచ్చి తెర అంచున అంటించాడు. లోపల కుదరకపోతే బయట!

2016లో మన హైదరాబాద్ కంపెనీ ఆర్‌డీపీ 14 అంగుళాల థిన్‌బుక్‌ను 9,999 రూపాయలకు తెచ్చింది. ఆటమ్ ప్రాసెసర్, 2 జీబీ ర్యామ్, 32 జీబీ నిల్వ. అప్పట్లో ఆ ధరకు అది సంచలనమే. ఆయన కొన్నది మాత్రం అదే తరగతిలో ఇంకొకటి, పేరెందుకు లెండి. డబ్బా మీద 32 జీబీ, తెరిచి చూస్తే 29 చిల్లర. తయారీదారులు వెయ్యి చొప్పున లెక్కేస్తారు, విండోస్ 1,024 చొప్పున లెక్కేస్తుంది. నాచారం కిరాణా కొట్టువాడు కందిపప్పు ఇలా తూచి చూడాలి! ఉన్నదాంట్లో సగం విండోసే ఆక్రమించింది. అప్‌డేట్ వచ్చిన ప్రతిసారీ "స్థలం చాలదు" అనేది. ఆయన ఫొటోలు తీసేశాడు, పాటలు తీసేశాడు, తన వ్యాసాలు కూడా తీసేశాడు. మూడోదానికి ఇంట్లో ఎవరూ బాధపడలేదు. 2019 నాటికి కొత్త కంప్యూటర్లలో విండోస్ 10కు కనీస నిల్వే 32 జీబీ అయింది.

ఇప్పటిది నాలుగోది. ఎన్100 ప్రాసెసర్, 8 జీబీ ర్యామ్, ఎస్‌ఎస్‌డీ. 2023 నుంచి ఇంటెల్ కొత్త లాప్‌టాప్‌లకు సెలెరాన్, పెంటియమ్ పేర్లే తీసేసింది. చవకదని కనిపెట్టే పాత ఆనవాలు అలా పోయింది. ఈ నాలుగోది ఎంత తేలికంటే, సంచిలో ఉన్నట్టే తెలియదు, ఉప్పల్ మెట్రోలో రెండుసార్లు మరిచిపోబోయాడు. ఏడాది తిరగ్గానే బ్రౌజర్లో పదిహేను ట్యాబ్‌లు తెరిస్తే మొరాయించడం మొదలెట్టింది. పాత రిపేరు కుర్రాడి దగ్గరికే తీసుకెళ్లాడు. కుర్రాడికి బట్టతల వచ్చింది.

"ర్యామ్ పెంచు తమ్మీ."

అతను యంత్రాన్ని తిరగేసి, అడుగుభాగం వేలితో తడిమాడు. మూత లేదు.

"ఏం పెంచుత సార్, ర్యామ్ బోర్డుకే సోల్డర్ జేసిండ్రు. గిది విప్పినా లాభం లేదు."

"మరి?"

"కొత్తది కొనుర్రి."

యంత్రం వేగం పెరిగేకన్నా త్వరగా సాఫ్ట్‌వేర్ బరువెక్కుతుందని నిక్లాస్ విర్త్ అనే స్విస్ కంప్యూటర్ శాస్త్రజ్ఞుడు 1995లోనే రాశాడు. ఆయన నాచారం ఎప్పుడైనా వచ్చాడో లేదో గానీ, ఇక్కడి చాయ్ లెక్క ఆయనకు తెలిసినట్టే ఉంది. లాప్‌టాప్ ఇప్పుడు పావు నిమిషంలో తెరుచుకుంటుంది. ఆఫీసు మీటింగ్ పేజీ, మెయిలు, యాంటీవైరస్ అన్నీ కుదురుకునేసరికి మాత్రం ఒక చాయ్ అవుతుంది. ఎక్కడ వేసిన గొంగళి అక్కడే.

చవకది కొనబోతున్నవాళ్లు రంగు, సన్నదనం తర్వాత చూడండి. ముందు షాపువాణ్ని ఒక్కమాట అడగండి, ర్యామ్ స్లాట్ ఉందా అని. అతను మాట మార్చి ఉచిత బ్యాగు చూపిస్తే, లేదని అర్థం.