సొమ్మొకడిది, సూట్‌కేసొకడిది

పెట్టె నిండా డాలర్లు పెట్టుకుని దేశం దాటడం నేరమని మీకెవరు చెప్పారు? అమెరికాలోకి ఎంత నగదైనా పట్టుకెళ్లొచ్చు, అక్కణ్ణుంచి ఎంతైనా తెచ్చుకోవచ్చు. పరిమితి లేదు. 10,000 డాలర్లు దాటితే ఒక ఫారం నింపివ్వాలి, అంతే. పైసా పన్ను లేదు. యూరోపియన్ యూనియన్‌లో 10,000 యూరోలు, బ్రిటన్‌లో 10,000 పౌండ్లు, పద్ధతి అదే. మన దేశంలోకి విదేశీ నోట్లు తెచ్చేవాడు కూడా 5,000 డాలర్ల విలువ దాటితేనే కాగితం రాయాలి. ఎంత తెచ్చావు, ఎవరిది, ఎక్కడిది అన్నవే ప్రశ్నలు. ఐదో క్లాసు కుర్రాడు పాసయ్యే పరీక్ష. ఇందులో ఫెయిలవడానికి పెద్దపెద్దవాళ్లు పడే ప్రయాస చూస్తే చేతులెత్తి మొక్కాలనిపిస్తుంది.

లండన్‌లోని హీత్రో నుంచి దుబాయ్‌కి 2019 నవంబరు మొదలు 2020 అక్టోబరు దాకా సాగిన రవాణానే తీసుకోండి. అందులో సగానికి పైగా లోకమంతా కరోనాకి తలుపులు బిగించుకున్న రోజులే. ఈ ముఠా మాత్రం 10 కోట్ల పౌండ్లకు పైగా సూట్‌కేసుల్లో తరలించింది. చెమటోడ్చి సంపాదించిన డబ్బే, కాకపోతే ఎవరి చెమటో అడక్కండి. మాదకద్రవ్యాల అమ్మకం తాలూకు రాబడి అయ్యుంటుందని బ్రిటన్ దర్యాప్తు సంస్థ అంది. నోట్లను ప్లాస్టిక్ సంచుల్లో కూరి, గాలి పీకేసి, ఒక్కో పెట్టెలో 5 లక్షల పౌండ్ల దాకా సర్దారు. పెట్టె బరువు 40 కిలోలు. జాగిలాలు వాసన పట్టకుండా పైన కాఫీయో, ఎయిర్ ఫ్రెషనరో చల్లారు. మోసేవాళ్లకు బిజినెస్ క్లాసు టికెట్లు. మర్యాద కోసం కాదులెండి, ఆ టికెట్ మీద లగేజీ ఎక్కువ వేసుకోనిస్తారు.

అసలు ముచ్చట దుబాయ్‌లో దిగాక. హీత్రోలో నోట్లో నాలుక లేనట్టు నడిచినవాళ్లు అక్కడ విమానం దిగడమేమిటి, నేరుగా కస్టమ్స్ బల్ల దగ్గరికి వెళ్లి "అయ్యా, ఇంత తెచ్చాం" అని డిక్లేర్ చేశారు! కంపెనీ ఉత్తరం జతచేసి, సంతకం పెట్టి, రసీదు పుచ్చుకుని మరీ. లండన్‌లో దొంగసొమ్ముగా ఎక్కింది, ఏడు గంటలు తిరిగేసరికి దొరసొమ్ముగా దిగింది. నిజం చెప్పడం రాని మనుషులు కారన్నమాట, ఎక్కడ చెప్పాలో తెలిసిన మనుషులు. ముఠా నాయకుడికి 2022లో 9 ఏళ్ల 7 నెలల జైలుశిక్ష వేశారు. వేసింది లండన్ వాళ్లే, దుబాయ్‌లో ఆ కాగితాలకు వంకేముంది?

ఇంతకన్నా దర్జా అయిన పెట్టె 2007 ఆగస్టులో బ్యూనస్ ఐరిస్‌లో దిగింది. కారకాస్ నుంచి ప్రత్యేక విమానం. అందులో అర్జెంటీనా అధికారులు, వెనెజులా ప్రభుత్వ చమురు సంస్థ పెద్దలు, వాళ్లతోపాటు గీడో ఆంటోనీనీ విల్సన్ అనే వ్యాపారి. తెల్లవారుజామున డ్యూటీలో ఉన్న భద్రతాధికారిణి స్కానర్‌లో పెట్టె చూసి ఏముందని అడిగితే, పుస్తకాలూ కాగితాలూ అన్నాడట. అబద్ధమేముంది? కాగితాలే, కాకపోతే అచ్చువేసినవి. లెక్కపెడితే 7,90,550 డాలర్లు. ఆ డబ్బు మాదంటే మాదని అక్కడెవరూ జుట్టూ జుట్టూ పట్టుకోలేదు సరికదా, అందరూ రెండడుగులు వెనక్కి వేశారు. అన్నదమ్ములు గట్టు మీది తుమ్మచెట్టు కోసం కోర్టుకెక్కే ఈ లోకంలో ఎనిమిది లక్షల డాలర్లు అనాథగా మిగలడం చూశారా? వ్యాపారి కొద్ది రోజుల్లోనే దేశం దాటేశాడు. అది అర్జెంటీనా అధ్యక్ష పదవికి పోటీపడిన క్రిస్టినా కిర్చినర్ ఎన్నికల ఖర్చుకు వచ్చిన సొమ్మని మయామీలో అమెరికా ప్రాసిక్యూటర్లు వాదించారు. చెత్త ఆరోపణ అని ఆవిడ కొట్టిపారేశారు. ఆ ఏడాదే అధ్యక్షురాలయ్యారు.

ఇంత తిప్పలూ ఎందుకో! ఆ రోజుల్లో కాబూల్ విమానాశ్రయంలో అయితే స్కానర్‌తో పనే ఉండేది కాదు. అఫ్గానిస్తాన్ ఉపాధ్యక్ష పదవి చేసిన అహ్మద్ జియా మసూద్ 5.2 కోట్ల డాలర్లతో ఎమిరేట్స్‌లో దిగితే, ఎక్కడిదోగానీ ఎక్కడికోగానీ చెప్పకుండానే ఆ డబ్బు ఉంచుకోనిచ్చారని 2009లో అమెరికా రాయబార కార్యాలయం పంపిన తంతి వికీలీక్స్ పుణ్యమా అని బయటపడింది. అంతా అబద్ధమని ఆయన అన్నారు. అనొచ్చు. వంద డాలర్ల నోటు గ్రాము తూగుతుంది. అన్నీ వంద నోట్లే అనుకున్నా ఆ మొత్తం 520 కిలోలు. దాన్ని చూడకుండా ఉండాలంటే చూపు పోవాలి, లేదా వీఐపీ ద్వారం దగ్గర ఉద్యోగం కావాలి.

డబ్బంతా ఎగిరిపోతోందని గోలెత్తి అమెరికా అక్కడికి నోట్లు లెక్కించే యంత్రాలు పంపింది. అవి వాడకుండా పడున్నాయనీ, వీఐపీలు తనిఖీ లేకుండానే వెళ్తున్నారనీ 2012 డిసెంబరులో అమెరికా తనిఖీ సంస్థే రాసుకుంది. యంత్రాలదేం తప్పు? మామూలు జనం వెళ్లే దారిలో లెక్కపెట్టాల్సినంత ఏముంటుంది?

మామూలు జనమంటే మన శంషాబాద్‌లో కనిపిస్తారు. డాలస్‌లో కొడుకింటికి బయల్దేరిన రిటైర్డు మాస్టారు, ఆయన భార్య. మనిషికి 3,000 డాలర్లదాకా నోట్లు తీసుకెళ్లొచ్చు. వీళ్ల దగ్గర ఇద్దరికీ కలిపి రెండువేలు, దానికి బ్యాంకు రసీదు, ఆ రసీదుకు మూడు జిరాక్సులు. అయినా ఆయన నిమిషానికోసారి చొక్కా లోపలి జేబు తడుముకుంటారు.

"ఏమండీ, డబ్బు సంగతి మనమే ముందు చెప్పేద్దామా?"

"అడిగినప్పుడు చెబుదువుగానిలే. నువ్వలా దిక్కులు చూడకు, అనుమానం వస్తుంది."

గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకునేది జన్మలో గుమ్మడికాయ ముట్టనివాళ్లే. ముట్టినవాళ్లకు వేరే గేటుంది.

డాలస్‌లో కస్టమ్స్ అధికారి వాళ్లను పక్కకు పిలిచి పెట్టెలు విప్పించాడు. డబ్బు ఊసే ఎత్తలేదు. సున్నిపిండి పొట్లం వాసన చూశాడు, ఆవకాయ సీసా ఊపి చూశాడు, కోడలికని దాచిన కరివేపాకు రెమ్మలు పట్టేశాడు. అమెరికాలోకి అవి నిషిద్ధం. మాస్టారు ఫారంలో రాయలేదు. తప్పే మరి.